రాతి దంపతుల తగువు

పొద్దు పడమటికి వాలుతోంది. ధూమగిరి కొన మీద మాంత్రికుడు ధూమకంఠుడి కోట, మసిబారిన కుండలను ఒకదాని మీద ఒకటి బోర్లించి నిలబెట్టినట్టు, నల్లగా నిగనిగలాడుతోంది. కందకంలో నీళ్ళకు బదులు ఊదారంగు పొగ సుళ్ళు తిరుగుతూ పారుతోంది. ఆ పొగలో అప్పుడప్పుడు ఒక మొసలి తోక పైకి లేచి, తళుక్కున మెరిసి, మునిగిపోతోంది. గోడల మీద పాకిన తీగలకు అరచేతులంత ఎర్రటి పూలు పూశాయి. అవి దారిన పోయే తుమ్మెదలను చూసి నాలుకలు చప్పరిస్తున్నాయి.

అటువంటి కోట సింహద్వారం ముందుకు, నెత్తిన కోళ్ళ గంప పెట్టుకుని, కోరమీసాల కుర్రాడొకడు ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఆ కుర్రాడు నిజానికి కుర్రాడు కాదు. సౌరభగిరి రాజ్యంలో ఊరూరా తిరిగి ఆటలాడే భాగవతుల మేళం పెద్ద శరభయ్య కూతురు వకుళ. ఆ మీసం మేకవెంట్రుకలతో చేసి తుమ్మబంకతో అంటించినది. ఈల మాత్రం భయం బయటపడకుండా వేస్తున్నది.

గంపలోని కోడి కూడా నిజానికి కోడి కాదు. సౌరభగిరి యువరాజు మకరందవర్మ. నిండు కొలువులో ధూమకంఠుడు మంత్రం చదువుతూ చదువుతూ దగ్గు ఆపుకోలేక మెలికలు తిరిగిపోతుంటే యువరాజుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తయ్యేలోగా ఆయన కోడిపుంజై రత్నకంబళి మీద నిలబడి ఉన్నాడు. సొంత భటులే హుష్ హుష్ అని తరిమితే, పరుగెత్తి పరుగెత్తి మేళం వాళ్ళ వేషాల పెట్టెలో దూరాడు. పెట్టె మూత తీసింది వకుళ. ఒక కోడి తన కాళ్ళ మీద పడి, "ప్రాణం కాపాడు తల్లీ" అంటే కాదనడం ఆమెకు చేతకాలేదు.

ఆ కోట అడుగున స్ఫటిక గుహలో ఒక ఊట ఉంది. ఆ నీళ్ళు తల మీద పోస్తే ఎంతటి మాయరూపమైనా వదిలిపోతుంది. కాని ఈ పొద్దు కుంకేలోగా పోయాలి. కుంకిందా, మకరందవర్మ బతికినన్నాళ్ళూ కోడిగానే బతకాలి. కోడి ఎన్నాళ్ళు బతుకుతుందో అందరికీ తెలిసిందే.

"ఒరే అబ్బీ, ఆగక్కడ!" భటుడు బల్లెం అడ్డం పెట్టాడు. "గంపలో ఏంటది?"

"పుంజండీ బాబూ. అయ్యగారి వంటింటికండీ."

భటుడు గంపలో చెయ్యి దూర్చి కోడి తొడ నొక్కి చూశాడు. "ఏడిసినట్టుంది. ఎముకలే తప్ప కండేదిరా?"

"చెయ్యి తియ్యరా మూర్ఖుడా!" అంది గంప.

భటుడు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మా బాబు అనేవాడండీ," అంది వకుళ, గొంతు బొంగురు చేసి. "చెయ్యి తియ్యరా మూర్ఖుడా, కోడి పొడుస్తుంది అని. అది గుర్తొచ్చి పైకి అనేశానండీ."

"మీ బాబు మాటతీరేం బాలేదు," అని గొణిగి భటుడు దారి వదిలాడు.

"నా తొడ నొక్కాడు," అన్నాడు యువరాజు, నాలుగడుగులు పోయాక. "నాకు పట్టాభిషేకం కాగానే ఆ భటుణ్ణి ఏం చేస్తానో చూడు."

"ముందు తమరికి కిరీటం నిలిచే తల రానివ్వండి యువరాజా. అంతవరకు ఆ నోరు కాస్త కట్టిపెట్టండి."

కాని రాజులకు పుట్టినవాళ్ళకు నోరు కట్టిపెట్టడం ఎవరు నేర్పుతారు? వకుళ వంటింట్లోకి అడుగు పెట్టగానే, కొండంత పొట్టను పొయ్యి మీద వాలకుండా ఒక చేత్తో పట్టుకుని వంట చేస్తున్న వంటవాడు బొజ్జప్ప గంపలోంచి పుంజును రెక్కలు పట్టి పైకెత్తాడు. "పలావుకి పనికిరాదు. పులుసులో వేస్తా," అన్నాడు.

"పులుసా!" యువరాజు గొంతు వంటింటి కప్పుకు తగిలింది. "సూర్యవంశపు రాజకుమారుణ్ణి చింతపండుతో ఉడికిస్తావా?"

బొజ్జప్ప చేతిలోని కత్తి జారి అతని బొటనవేలి పక్కనే నాటుకుంది. అతను వేసిన కేకకు గూళ్ళలోని గబ్బిలాలు లేచాయి. గరిటెలు, అప్పడాల కర్రలు, రోకళ్ళు పట్టుకుని వంటవాళ్ళంతా మీదికి వచ్చారు. వకుళ పుంజును చంకన పెట్టుకుని సాంబారు గుండిగ మీంచి దూకింది. పిండి బస్తా వాళ్ళ మీదికి తన్నింది. ఆ తెల్లటి దుమ్ములో ఎదురుగా ఏ కంత కనిపిస్తే అందులోకి తల పెట్టింది. అది పొయ్యిల బూడిద కిందికి పారబోసే గొట్టం. ఇద్దరూ జర్రున జారి, ఎముకలు విరగకుండా ఒక పెద్ద బూడిదకుప్ప మీద పడ్డారు.

కళ్ళు నులుముకుని చూసేసరికి వకుళ నోరు తెరిచింది. పైకప్పు నుంచి స్ఫటికాలు వడగళ్ళు ఆగిపోయినట్టు వేలాడుతున్నాయి. గోడల్లో పొదిగిన ఇంద్రనీలాలు నెమలికళ్ళలా రెప్పలు కొడుతున్నాయి. ఎక్కడో పైన ఒక చిల్లులోంచి ఎండ సన్నగా దిగి నేల మీద పడింది. ఆ ఎండ అప్పుడే నారింజపండు రంగుకు తిరిగింది. గుహ చివర ఇత్తడి తలుపు. తలుపుకు అటు మెలితిప్పిన మీసాల సేనాపతి, ఇటు వడ్డాణం పెట్టుకున్న స్త్రీ, నిలువెత్తు రాతి విగ్రహాలు. వాటి ముందు రకరకాల మనుషులు రాయై నిలబడి ఉన్నారు. ఒకడు వేలు పైకెత్తి ఏదో చెప్పబోతూ ఆగిపోయాడు. ఒకడు జంతిక కొరుకుతూ ఆగిపోయాడు.

"ఎవరో వచ్చారు మందారం," అన్నాడు రాతి సేనాపతి, గొంతులో ఏడుపు నింపుకుని.

"వస్తే రానివ్వండి. మీరు మాత్రం మాట్లాడకండి. మీరు నోరు తెరిస్తే వచ్చినవాళ్ళు ముందే జాలిపడిపోతారు," అంది రాతి స్త్రీ.

వీళ్ళెవరో తెలియని పిల్ల సౌరభగిరిలో ఉండదు. వీళ్ళ కథే వాళ్ళ మేళం ఆడే పెద్ద ఆట. పూర్వం సౌరభగిరి రాజు వారసుడు లేకుండా జబ్బుపడ్డాడు. అక్కడి ఆచారం ప్రకారం పట్టపుటేనుగు ఎవరి మెడలో మాల వేస్తే వాళ్ళే రాజు. ధూమకంఠుడు చెవిలో ఏదో మంత్రం ఊదాక సింహాసనం మీద ఆశపడ్డ సేనాపతి ఉగ్రబాహుడు, అతని భార్య మందారవల్లి, రాజవైద్యుణ్ణి దారి తప్పించారు. రాజు పోయాడు. ఉగ్రబాహుడు మెడకు బెల్లం పాకం పూసుకుని నిలబడ్డాడు. ఏనుగు అతని మెడలోనే మాల వేసింది. ఏడాది తిరగకముందే అదే ఏనుగు ఇద్దరినీ తొక్కేసింది.

ఆ తొక్కే ఘట్టానికి ముందు శరభయ్య తెర ముందుకు వచ్చి జనాన్ని అడిగేవాడు: "అయ్యలారా, అమ్మలారా, ఈ మొగుడూ పెళ్ళాలు దుర్మార్గులా, మాంత్రికుడి చేతిలో మోసపోయిన అమాయకులా?" దుర్మార్గులంటే పుచ్చు వంకాయలు పడేవి, అమాయకులంటే పూలు. వంకాయ బాగా కాసిన ఊళ్ళో వాళ్ళెప్పుడూ దుర్మార్గులే. అందుకే శరభయ్య ఆట ఒప్పుకునే ముందు ఊరి చుట్టూ తోటలు చూసి వచ్చేవాడు.

"చనిపోయాక కూడా ధూమకంఠుడు మమ్మల్ని వదల్లేదు," అన్నాడు ఉగ్రబాహుడు. "మా ఆత్మల్ని ఈ రాళ్ళలో పెట్టి తలుపు కాపలా వేశాడు. మేము దుర్మార్గులమా, బాధితులమా? మేమిద్దరం ఒప్పుకునే తీర్పు చెప్పినవాళ్ళకే ఈ తలుపు తెరుచుకుంటుంది. తప్పు చెప్పారా, ఇదిగో, వీళ్ళలా."

"ఆ పొగగొట్టం గాడు తెలివైనవాడే," అంది మందారవల్లి. "మేమిద్దరం బతికుండగా ఏ పూట ఏ కూర వండాలో కూడా ఒక మాట మీదికి రాలేదు. అమ్మాయ్, ఆ మీసం ఎడమవైపు ఊడింది. పీకి పారెయ్."

వకుళ మీసం పీకేసింది. ఆటలో మందారవల్లి వేషం కట్టేది తనే. ఇంక భయమేముంది అనుకుంది. మోకాళ్ళ మీద కూలబడి, చెయ్యి నుదుటికి ఆనించి, పూలు పడే ఊళ్ళో వాడే గొంతుతో మొదలుపెట్టింది: "అయ్యో అమ్మా! నీవేమీ ఎరుగని ముగ్ధవు! పతి మాటే వేదమని నమ్మి, తలుపుచాటున కన్నీరు మున్నీరుగా ఏడ్చిన అభాగ్యవు!"

"ఎవరే ముగ్ధ?" మందారవల్లి అరుపుకు స్ఫటికాలు గలగలలాడాయి. "నేను తలుపుచాటున ఏడ్చానా? ఎవరు రాసిన ఆటే అది? వైద్యుణ్ణి దారి తప్పించింది నేను! ఏనుగుకు వాసన అలవాటు చేయించింది నేను! మెడకు పాకం పూసుకోమంటే చీమలు కుడతాయని ఏడ్చింది ఈయన!"

"కుట్టాయి కూడా," అన్నాడు ఉగ్రబాహుడు దీనంగా. "పట్టాభిషేకమంతా గోక్కుంటూనే కూర్చున్నాను."

వకుళ లేవబోయింది. పాదాలు కదలలేదు. చీలమండల దాకా రాయి.

"అయితే మీరిద్దరూ పచ్చి దుర్మార్గులు!" అని యువరాజు ఉగ్రబాహుడి రాతి కిరీటం మీదికి ఎగిరి కూర్చుని తీర్పు చెప్పాడు. "రాజద్రోహులు! ఏనుగు చేసిన పని సబబే!"

రాయి వకుళ మోకాళ్ళ దాకా పాకింది.

"అన్నది ఆయన కదండీ! నాకెందుకు?"

"కోడి అన్నా కోడిని తెచ్చినవాళ్ళు అన్నట్టే," అన్నాడు ఉగ్రబాహుడు, మొహం ముడుచుకుని. "నేను దుర్మార్గుణ్ణా? నేనేం చేశాను? మాంత్రికుడు చెవిలో మంత్రం ఊదాడు. పెళ్ళాం వీపు మీద చెయ్యేసి నెట్టింది. ఏనుగు నా మెడలో మాల వేసింది. నేను నిలబడ్డాను, అంతే."

"నిలబడ్డాడట! సింహాసనం ఎలా ఉంటుందో చూడాలని పెరట్లో రోటి మీద ఎక్కి కూర్చున్నదెవరు? నన్ను వింజామర వీచమన్నదెవరు?"

"అది గాలి ఆడక."

నేల మీది ఎండ ఎర్రబడింది. అది మెల్లగా గోడ ఎక్కుతోంది. యువరాజు వకుళ భుజం మీదికి దిగివచ్చి, మొదటిసారి ఏమీ అనకుండా కూర్చున్నాడు. అతని చిన్న గుండె టకటకా కొట్టుకోవడం ఆమె చెవికి వినిపిస్తోంది. ఇక్కడ పూలు లేవు, వంకాయలు లేవు. వీళ్ళు ఏమనుకుంటున్నారో వాళ్ళ చేతే చెప్పించాలి.

"అయ్యగారూ, మాంత్రికుడు తమరి చెవిలో ఊదిన ఆ మహామంత్రం ఏమిటండీ?"

"అది భయంకరమైన మాట. చెప్పకూడదు."

"ఒక్కసారి చెప్పండి."

ఉగ్రబాహుడు గొంతు తగ్గించాడు. "పట్టపుటేనుగుకు బెల్లం అంటే ఇష్టం అన్నాడు."

"ఇంకా?"

"అంతే."

"అది మా మేళంలో పాలు మానని పిల్లలకి కూడా తెలుసు కదండీ!"

మందారవల్లి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి ఆమె రాతి బుగ్గల నుంచి పొడి రాలింది. "ఇన్నేళ్ళూ మహామంత్రం, మహామంత్రం అని నా ప్రాణం తీశారే! ఇదా! సంతలో చెరుకు అమ్మే ముసలమ్మ చెప్పేది కదా!"

"వాడు చెప్పినప్పుడు కళ్ళు మూసుకుని చెప్పాడే. చుట్టూ పొగ కూడా వచ్చింది," అన్నాడు ఉగ్రబాహుడు సిగ్గుపడుతూ.

వకుళకు నవ్వు రాలేదు. ఆమెకు ఇంకో మనిషి గుర్తొచ్చాడు. వాళ్ళ ఆటలో ఆ వేషానికి ఒక్క మాట కూడా ఉండదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు తలపాగా చుట్టుకుని వచ్చి పడిపోతారు.

"మావటి సంకన్న మాటేమిటండీ?"

మందారవల్లి నవ్వు ఆపి చటుక్కున కళ్ళు దించుకుంది.

"ఏనుగుకు బెల్లం వాసన నేర్పింది అతనే కదా. మాల పడ్డాక అతను ఎక్కడా కనబడలేదు. ఏనుగు అతని కోసం వీధులన్నీ వెతికిందంటారు. అతన్ని చంపమని కూడా మాంత్రికుడే చెప్పాడా?"

"లేదు," అన్నాడు ఉగ్రబాహుడు. "వాడు మాంత్రికుడికి గుర్తే లేడు. ఎవరికైనా చెబుతాడేమోనని నాకే భయం వేసింది."

"ఈయన భయపడ్డారు. కత్తి నేను తెప్పించాను," అంది మందారవల్లి. ఆమె గొంతులో ఇందాకటి బిగువు లేదు. "వాడు బెల్లం ముక్క ఏనుగు నోట్లో పెట్టే ముందు రోజూ కొంచెం కొరికి చూసేవాడు. పులిసిందేమోనని."

"అయితే బాధితుడు అతను," అంది వకుళ. "రాజుగారు ఒకరు. సంకన్న ఒకరు. ఆ పనులు చేసింది మీరిద్దరూ. చెవిలో ఎవరేం చెప్పినా చేతులు మీవే. అక్కడ మీరు దుర్మార్గులే, దానికి బెల్లం వంక పెట్టకండి. ఆ తర్వాత ఈ ధూమకంఠుడు, మీ తప్పును అడ్డం పెట్టుకుని, మిమ్మల్ని తన తలుపుకి గడియలా వాడుకుంటున్నాడు. ఇక్కడ మీకు అన్యాయం జరిగింది. కాని ఈ అన్యాయం ఆ తప్పును కడగదు. ఆ తప్పు ఉంది కదా అని ఈ అన్యాయమూ న్యాయమైపోదు."

"ఒక్క మాటలో చెప్పమ్మా. ఏది?" అన్నాడు ఉగ్రబాహుడు.

"ఒక్క మాటలో కావాలంటే మా నాన్నని పిలవాలండీ. వంకాయలు కూడా తెప్పించాలి."

మోకాళ్ళు దాటి పాకుతూ వచ్చిన రాయి ఆమె నడుము దగ్గర ఆగింది. మందారవల్లి ఆమె వైపు చూసింది. "నేను చేసినవి నేనే చేశానన్నావు. ఏడ్చానని అనలేదు. నాకు సమ్మతమే. ఏమండీ, మీరు?"

"నువ్వు ఒప్పుకుంటే ఇంక నేను..."

"అదిగో! నా మాట కాదు. మీ మాట చెప్పండి, ఈ ఒక్కసారైనా!"

ఉగ్రబాహుడి మీసాలు అదిరాయి. "సమ్మతమే. సంకన్నను నేనే చంపించాను. సమ్మతమే."

వకుళ నడుము నుంచి రాయి పెంకులు పెంకులుగా రాలిపోయింది. ఇత్తడి తలుపు మూలుగుతూ తెరుచుకుంది.

లోపల వెన్నెల గడ్డకట్టినట్టున్న రాతి గిన్నెలో ఊట. దోసిలికి సరిపడా నీళ్ళు మాత్రమే ఉన్నాయి. అడుగున ఇంకో చుక్క ఊరడం లేదు. వకుళ ఆ నీళ్ళన్నీ దోసిట్లోకి ఎత్తింది. యువరాజు ఆమె ముందు వాలి తల వంచాడు.

"ఖళ్! ఖళ్! ఆగు!"

బూడిద గొట్టంలోంచి ధూమకంఠుడు జారిపడ్డాడు. పొగ రంగు గడ్డం, మెడలో పుర్రెల దండ, ఒళ్ళంతా బూడిద. పరుగెత్తుకొచ్చి నీళ్ళు లాక్కునేంత సమయం లేదని అతనికి తెలిసిపోయింది. గుమ్మం అవతలే నిలబడి దగ్గు ఆపుకుని, ఎంతో మెత్తగా అన్నాడు:

"చిట్టితల్లీ, ఆ నీళ్ళు తాగినవాళ్ళు ఇంతవరకు కట్టిన వేషాల్లో తమకు నచ్చిన వేషం నిజమైపోతుంది."

చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వకుళ కళ్ళముందు తను ఆటలో పెట్టుకునే తగరపు కిరీటం మెరిసింది. అది బంగారమైతే? ఆట అయిపోయాక అరువు చీర విప్పి ఇవ్వక్కర్లేదు. మొహాన పూసిన అర్దళం రంగు కడుక్కుని చెట్టు కింద గంజి తాగక్కర్లేదు. నాన్న ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. నిజం సింహాసనం, నిజం వింజామర. దోసిలి ఆమె పెదవుల దాకా లేచింది. ఎవరూ పట్టుకుని ఎత్తలేదు, అదే లేచింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. గుమ్మం దగ్గర మందారవల్లి కళ్ళార్పకుండా చూస్తోంది.

"వకుళా," అన్నాడు యువరాజు, చాలా చిన్న గొంతుతో. "ఎండ పోతోంది."

ఆమె దోసిలి యువరాజు తల మీద బోర్లించేసింది.

మెరుపు మెరిసింది. ఈకలు గాలిలో గిరగిరా తిరిగాయి. ఆ ఈకల మధ్య పట్టు ధోవతి, నవరత్నాల హారం, చంద్రుడి లాంటి ముఖంతో మకరందవర్మ నిలబడి ఉన్నాడు. ఒక్క చోట మాత్రం మంత్రం మిగిలింది. ధోవతి వెనక పచ్చగా, బంగారంగా, వంపు తిరిగిన కోడితోక కుచ్చు ఊగుతోంది.

"ఇదేమిటి?" యువరాజు వెనక్కి తిరిగాడు. తోక కూడా అటే తిరిగింది.

"నీళ్ళు కారిపోయాయి యువరాజా. నా చెయ్యి ఆలస్యం చేసింది."

"నీ తప్పేముంది? ఆ దుర్మార్గుడు నిన్ను మభ్యపెట్టాడు."

"అతను ఒక మాట అన్నాడు. ఆగింది నేను," అంది వకుళ, తల వంచుకుని.

మకరందవర్మ తోకను ఒక్కసారి తడుముకుని, "సింహాసనానికి వెనక కంత పెట్టించాలి, అంతేగా," అన్నాడు.

ధూమకంఠుడు పళ్ళు పటపటా కొరికి పుర్రెల దండ తెంపి విసిరాడు. ఒక్కొక్క పుర్రె నేల తాకగానే నిప్పులు కక్కే నల్లపిల్లి అయింది.

"మందారం, తలుపు వేసేద్దామా?" అన్నాడు ఉగ్రబాహుడు.

"అడుగుతారేమిటి, వెయ్యండి!"

కదలని ఆ రాతి చేతులు ఒక్కసారే కదిలాయి. ఇత్తడి తలుపు ధడేలున మూసుకుంది. మధ్యలో మాంత్రికుడి గడ్డం ఇరుక్కుపోయింది. అవతల దగ్గు, శాపనార్థాలు, పిల్లుల గురగుర. "పరుగెత్తవే పిల్లా! ఎక్కువసేపు పట్టుకోలేం!" అన్న మందారవల్లి కేక తలుపు సందులోంచి వినిపించింది. తీర్పుతో కాపలా తీరిన ఆ రాళ్ళు అప్పుడే ఇసుకై రాలుతున్నాయి.

ఊట వెనక సొరంగం. ఇద్దరూ వంగి పరుగెత్తారు. తోక గోడకు రాసుకుంటూ ఈకలు రాలుతున్నాయి. వెనక తలుపు బద్దలైన చప్పుడు, నిప్పుల వెలుగు. ముందు ఎర్రటి ఆకాశం. సొరంగం కొండ గోడలో తెరుచుకుంది. ఎంతో కింద ఊదారంగు పొగ, ఆ పొగలో నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్న మొసలి. అవతలి గట్టు మీద మర్రి ఊడల్లా వేలాడే లతలు.

"భయపడకు, గట్టిగా పట్టుకో!" మకరందవర్మ వకుళ నడుము చుట్టూ చెయ్యి వేసి, ఇన్నాళ్ళ అలవాటుగా మెడ నిక్కించి, రెండో చెయ్యి బార చాపి, అంచు మీంచి ధైర్యంగా ఎగిరాడు.

తనకిప్పుడు రెక్కలు లేవన్న సంగతి ఆయనకు గుర్తొచ్చేసరికి ఇద్దరి కాళ్ళ కిందా నేల లేదు.